ఇంటి సాస్ ఎన్నాళ్లు నిలుస్తుంది?

టమాటా ధరకు మధ్యస్థం తెలియదు. 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటి, కొన్ని ఊళ్లలో 200 తాకింది. దిగుబడి పోటెత్తిన నెలల్లో అదే పండును కోత కూలి కూడా గిట్టక రైతులు రోడ్డు పక్కన పారబోయడం రాయలసీమకు కొత్త కాదు. కేంద్రం 2018-19 బడ్జెట్టులో టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం 500 కోట్లతో 'ఆపరేషన్ గ్రీన్స్' ప్రకటించింది ఈ ఊగిసలాట చూసే. వంటింటి స్థాయిలో దీనికి అందరూ చెప్పే మార్గం ఒకటే: చవగ్గా ఉన్నప్పుడు కొని, ఉడికించి, సీసాలకెత్తుకోవడం. ఆ సీసాను మూడు నెలల తర్వాత తెరిచి పిల్లల పళ్లెంలో ధైర్యంగా వడ్డించవచ్చా అన్న దగ్గరే మాటలు తేడా పడతాయి.

పుదుచ్చేరి పట్నంలో, పాత బులివార్డులకు పడమరగా ఉన్న నెల్లితోపు లాంటి పేట ఈ ప్రశ్నకు మంచి పరీక్ష. వీధిలో తమిళం, తరాల కిందట వలస వచ్చిన కుటుంబాల్లో, చదువులకో ఉద్యోగాలకో యానాం నుంచి వచ్చినవాళ్లలో తెలుగు. యానాం ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగం, దూరం మాత్రం 800 కిలోమీటర్లకు పైమాటే. అందుకే ఈ పట్నంలో టమాటాను దాచే పద్ధతులు మూడు వైపుల నుంచి వచ్చి కలిశాయి: తెలుగువారి ఎండబెట్టిన నిల్వ పచ్చడి, తమిళుల తక్కాళి తొక్కు, ఫ్రెంచి వంటకాల వెంట వచ్చిన ఉప్పూ కారం తక్కువైన పల్చటి సాస్. మొదటి రెండింటికీ అమ్మమ్మల అనుభవం అండగా ఉంది. మూడోదానికి ఆ అండ లేదు. పైగా సముద్రపు చెమ్మ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, తుఫాను వస్తే పోయే కరెంటు. ఇలాంటి చోట ఏ పద్ధతి ఎంతవరకు నిలబడుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఉడికించేటప్పుడే సగం పని

సాస్ నీళ్లు తేలిందంటే చాలాసార్లు కారణం కత్తిపీట దగ్గరే ఉంటుంది. టమాటాను కోసిన మరుక్షణం నుంచి పండులోని ఎంజైములు పెక్టిన్‌ను విరగ్గొట్టడం మొదలుపెడతాయి. చిక్కదనం ఇచ్చేది ఆ పెక్టినే. ఐదు కిలోల పళ్లు తీరిగ్గా తరిగి, గిన్నె నింపి, అప్పుడు పొయ్యి వెలిగిస్తే గుజ్జు అడుగుకు, నీరు పైకి చేరుతుంది. కర్మాగారాల్లో పండును నలుపుతూనే 85 డిగ్రీలు దాటించేది ఈ ఎంజైములను అక్కడికక్కడే ఆపడానికి. ఇంట్లోనూ అది సాధ్యమే. ముందు అరకిలో పళ్లను నాలుగేసి చెక్కలుగా కోసి, మందపాటి స్టీలు గిన్నెలో పెద్ద మంట మీద పెట్టి పప్పుగుత్తితో నలపాలి. రసం ఊరి తెర్లడం మొదలయ్యాక మిగిలిన పళ్లను కోసినవి కోసినట్టే అందులో వేస్తూ పోవాలి. మరుగు ఒక్క క్షణం కూడా ఆగకూడదు. ఈ ఒక్క జాగ్రత్తతో సాస్ చిక్కదనం కళ్లకు కనిపించేంత మారుతుంది.

తొక్క, గింజల సంగతి తేలికే. మెత్తగా ఉడికాక జల్లెడ మీద వేసి గరిటెతో రుద్దితే రెండూ పైన మిగిలిపోతాయి. మిక్సీ పని తగ్గిస్తుంది కానీ గాలిని కలిపేస్తుంది. ఎర్రటి గుజ్జు నారింజ రంగుకు తిరుగుతుంది, నలిగిన గింజ చిరుచేదు వదులుతుంది. అల్యూమినియం గిన్నె పులుపుతో చర్య జరుపుతుంది కనుక వద్దు.

లెక్కలో ఆశ తగ్గించుకోవాలి. లీటరు పల్చటి సాస్‌కు సుమారు రెండున్నర కిలోల పళ్లు, చిక్కటి సాస్‌కు మూడు కిలోల పైచిలుకు పడతాయి. ఐదు కిలోలు తెచ్చి గంటల తరబడి గ్యాసు మండిస్తే చేతికొచ్చే చిక్కటి సాస్ లీటరున్నర. కిలో పది, ఇరవై ఉన్నప్పుడే ఈ శ్రమ గిట్టుబాటు. నలభై దాటితే డబ్బు ఆదా కోసం చేయదగిన పని కాదు, రుచి కోసం చేయాలి.

పులుపు లెక్క

ఇక నిల్వ విషయం. ఆహార శాస్త్రం ఇక్కడ ఒకే ఒక గీత గీస్తుంది: పీహెచ్ 4.6. ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు. గీతకు దిగువన, అంటే తగినంత పుల్లగా ఉన్న పదార్థంలో క్లాస్ట్రీడియం బాట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజం మొలకెత్తి విషం తయారు చేయలేదు. గీతకు ఎగువన, గాలి ఆడని సీసాలో, గది వేడిలో ఆ పని నింపాదిగా చేసుకుంటుంది. రంగు మారకపోవచ్చు, వాసన రాకపోవచ్చు. తిన్నవారికి సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో చూపు మసకబారడం, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలై, చివరకు శ్వాస కండరాలు పట్టు తప్పుతాయి.

టమాటా ఈ గీతకు అటూ ఇటూ కాళ్లు చాపుకుని కూర్చున్న పండు. రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి దాని పీహెచ్ 4.2 నుంచి 4.9 దాకా ఉంటుంది. మిగల పండినదీ, దెబ్బ తగిలినదీ పై అంకె వైపు జరుగుతుంది. చవగ్గా వచ్చే బుట్టలో ఉండేవి సరిగ్గా అవే. పుదుచ్చేరి కూరగాయల కొట్లలో 'నాటు తక్కాళి', 'బెంగళూరు తక్కాళి' అని రెండు కుప్పలు పోస్తారు. నాటుది పుల్లన, బెంగళూరుది గట్టి కండ అని కొనేవాళ్లకు తెలుసు. నాలుక చెప్పేది వంటకు సరిపోతుంది, నిల్వకు చాలదు. పండులోని చక్కెర పులుపును కప్పేస్తుంది కాబట్టి తియ్యగా ఉన్నది పీహెచ్‌లో సురక్షితంగా, పుల్లగా తోచినది గీతకు పైన ఉండే అవకాశం రెండూ ఉన్నాయి.

అందుకే అమెరికా వ్యవసాయ శాఖ ఇంటి నిల్వ పట్టికలు ఏ రకం టమాటా అయినా సరే పులుపు బయటి నుంచి కలపమంటాయి. సుమారు అరలీటరు సీసాకు ఒక టేబుల్‌స్పూను సీసా నిమ్మరసం, లేదా పావు టీస్పూను నిమ్మ ఉప్పు. లీటరు సీసాకు దానికి రెట్టింపు. చెట్టు నిమ్మకాయలో పులుపు కాయకో తీరు కనుక ఆ పట్టికలు సీసా రసాన్నే అడుగుతాయి. మన వంటింట్లో నిమ్మ ఉప్పే సులువు. కొలత మారదు, కిరాణా కొట్లో దొరుకుతుంది. పులుపు ఎక్కువనిపిస్తే చెంచాడు పంచదార వేసుకోవచ్చు, పీహెచ్‌కు దానితో పేచీ లేదు. పులుపు విరగడానికి చిటికెడు వంటసోడా వేసే అలవాటు మాత్రం నిల్వ సాస్‌లో ప్రాణాంతకం. అది పులుపును కప్పిపుచ్చదు, చంపేస్తుంది.

టమాటా ఒక్కటే అయితే కథ ఇంతటితో ముగిసేది. ఇళ్లలో చేసేది చాలాసార్లు కూరగాయల సాస్: ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్, క్యాప్సికమ్, పిల్లలకు తెలియకుండా కాస్త గుమ్మడి. ఇవన్నీ గీతకు ఎగువన ఉన్నవే. క్యారెట్ పీహెచ్ 6 ప్రాంతంలో, ఉల్లి, వెల్లుల్లి 5 పైన ఉంటాయి. ఎంత కలిస్తే ప్రమాదం? అదే అమెరికా పట్టికల్లోని మాంసం లేని స్పఘెటీ సాస్ చూడండి. 30 పౌండ్ల టమాటాలు, అంటే 13 కిలోలకు పైగా. అందులో ఉల్లి ఒక కప్పు, వెల్లుల్లి ఐదు రెబ్బలు, క్యాప్సికమ్ లేదా సెలరీ ఒక కప్పు, పుట్టగొడుగులు ఒక పౌండు. కుండెడు టమాటాలో ఇంత కూర కలిసినందుకే ఆ సాస్‌ను మరిగే నీళ్లలో సీసా కట్టే జాబితా నుంచి తీసేసి, ఒత్తిడి ఆవిరిలోనే కట్టమంటాయి. మన ఇళ్లలో సగానికి సగం కూరలు కలిపి 'నిమ్మరసం పిండాంలే' అనుకోవడం ఎంత దూరం పోతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు. కూరలు కలిపిన సాస్ ఏదైనా గది వేడిలో దాచేది కాదు. దాని చోటు ఫ్రిజ్, లేదంటే ఫ్రీజర్.

'నూనె తేలితే చాలు'

పెద్దవాళ్ల నుంచి తప్పక వినిపించే మాట ఇది. నిల్వ పచ్చడి విషయంలో అది నూటికి నూరుపాళ్లూ నిజం, పల్చటి సాస్ విషయంలో నూటికి నూరుపాళ్లూ ఉచ్చు. తేడా ఎక్కడుందో నిల్వ పచ్చడి తయారీలోనే కనిపిస్తుంది.

టమాటా ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో ఊరబెడతారు. ఒకటి రెండు రోజులకు ఊరిన రసం పిండి, ముక్కలను ఎండలో పోస్తారు. ఆ రసంలోనే చింతపండు నానుతుంది. ముక్కలు చేతికి అంటకుండా ముడుచుకున్నాక రెండూ కలిపి రుబ్బి, కారం, మెంతిపిండి, ఆవపిండి వేసి, ఇంగువ పోపుతో నువ్వుల నూనె పోస్తారు. లెక్క చూస్తే ఇక్కడ కాపలాదారులు నలుగురు. ఎండ నీటిని లాగేసింది. ఉప్పు మిగిలిన నీటిని సూక్ష్మజీవికి అందకుండా కట్టేసింది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పీహెచ్‌ను గీతకు బాగా దిగువకు దించింది. నూనె గాలిని అడ్డుకుని బూజు రాకుండా చూసింది. నూనె చివరి కాపలాదారు మాత్రమే. ముందున్న ముగ్గురూ లేని చోట, గాలి ఆడకుండా చేయడమంటే గాలి గిట్టని బాట్యులినమ్‌కు పక్క పరచడమే. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిల్వ చేసిన వెల్లుల్లి తిని 36 మంది బాట్యులిజం బారిన పడ్డారు. అక్కడ నూనె బాగానే తేలింది, పులుపే లేదు.

తొక్కు ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. ఎండ అక్కర్లేదు, చింతపండు, ఉప్పు, కారంతో పొయ్యి మీదే నీరు ఇగిరి నూనె విడిచే దాకా వేయిస్తారు. ఎండ మొహం చూపని నవంబరులో పుదుచ్చేరి ఇంటికి ఇదే దారి. నీరు ఎంత ఇగిరిందన్నది చేతివాటం మీద ఆధారపడి ఉంటుంది కనుక తొక్కును ఫ్రిజ్‌లో పెట్టి వారాల్లో వాడుకోవడం తెలివైన పని. పచ్చడి పచ్చడిలా ఏడాది నిలవాలంటే ఫిబ్రవరి నుంచి మే దాకా కాసే ఎండకు పోటీ లేదు.

మరిగించిన సీసా

సీసాలో పెట్టి, మూత బిగించి, నీళ్లలో మరిగించే పద్ధతి ఫ్రెంచి మిఠాయి వంటవాడు నికొలా అపేర్‌ది. దానికి ఫ్రెంచి ప్రభుత్వం ఇచ్చిన 12,000 ఫ్రాంకుల బహుమతితో ఆయన తన పద్ధతిని పుస్తకంగా అచ్చువేసింది 1810లో. అప్పటికి పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్ల స్వాధీనంలో ఉంది. సీసా ఎందుకు పాడవదో అపేర్‌కు తెలియదు. సూక్ష్మజీవుల సంగతి లూయీ పాశ్చర్ తేల్చేసరికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

పులుపు కలిపిన ఒట్టి టమాటా సాస్‌కు ఈ పద్ధతి నమ్మదగినదే. వేడి సాస్‌ను వేడి సీసాలో పోసి, పైన అర అంగుళం ఖాళీ వదిలి, అంచు శుభ్రంగా తుడిచి మూత పెట్టాలి. సీసా మునిగి పైన అంగుళం నీళ్లు నిలిచే గిన్నెలో, నీళ్లు మరగడం మొదలయ్యాక అరలీటరు సీసాకు 35 నిమిషాలు. ఈ లెక్క సముద్ర మట్టానికి దగ్గరున్న నెల్లితోపుకు సరిపోతుంది. సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలో నీళ్లు 98 డిగ్రీల లోపే మరుగుతాయి కాబట్టి అదే సీసాకు 40 నిమిషాలు కావాలి. చల్లారాక మూత నడిమి భాగం కాస్త లోపలికి గుంజుకుని ఉండాలి. వేలితో నొక్కితే టక్కుమని పైకి లేచిందంటే గాలి చొరబడింది. ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టి వారం లోపు వాడేయాలి.

చాలా ఇళ్లలో మూడు చోట్ల దీన్ని కురచ చేస్తారు. కాఫీపొడి సీసాలు, పచ్చడి సీసాలు పాత మూతలతోనే మళ్లీ వాడతారు. మూత లోపలి రబ్బరు పూత ఒకసారి నొక్కుకున్నాక మళ్లీ గట్టిగా పట్టదు. వేడి సాస్ పోసి సీసాను తలకిందులుగా నిలబెట్టి, అదే చాలనుకుంటారు. ఫ్రెంచి ఇళ్లలో జాము సీసాలకు ఉన్న ఈ అలవాటు చక్కెర పుష్కలంగా ఉన్న జాముకు గడుస్తుందేమో గానీ సాస్‌కు పనికిరాదు. కూరలు కలిపిన సాస్‌ను ఎక్కువసేపు మరిగిస్తే సరిపోతుందనుకోవడం మూడోది. బాట్యులినమ్ బీజం 100 డిగ్రీల మరుగును గంటల తరబడి తట్టుకుంటుంది. దాన్ని చంపడానికి 121 డిగ్రీలు కావాలి.

మన కుక్కర్లు విజిల్ వేసే ఒత్తిడిలో దాదాపు ఆ వేడికి చేరతాయి కదా అన్న ప్రశ్న సహజం. చేరేది కుక్కర్‌లోని ఆవిరి. చిక్కటి సాస్ నిండిన సీసా నడిబొడ్డుకు ఆ వేడి చేరిందో లేదో విజిల్ చెప్పదు. సీసాల కోసం తయారైన పెద్ద పాత్రలు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారతాయి, పట్టికల్లోని నిమిషాలు ఆ నెమ్మదిని కూడా లెక్కలో వేసుకుని రాసినవి. మూడు లీటర్ల కుక్కర్‌కు ఆ నిమిషాలు వర్తించవు. నిర్లక్ష్యం ఖరీదెంతో ఫ్రాన్సు ఇటీవలే చూసింది. 2023 సెప్టెంబరులో, రగ్బీ ప్రపంచ కప్పు జరుగుతున్న రోజుల్లో, బోర్దోలోని ఒక మద్యశాల సొంతంగా సీసా కట్టిన సార్డీన్ చేపలు తిని పదిమందికి పైగా బాట్యులిజంతో ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. అపేర్ పుట్టిన దేశంలోనే, రెండు శతాబ్దాల తర్వాత కూడా.

చలి, మందు, పులియబెట్టడం

ఫ్రీజర్‌కు పులుపుతో పని లేదు, ఏ కూరలు కలిపినా అభ్యంతరం లేదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవి పెరగదు; ఏడాది లోపు రుచి కూడా పెద్దగా తగ్గదు. పూటకు సరిపడా చిన్న డబ్బాల్లో, గడ్డకట్టి ఉబ్బడానికి కాస్త చోటు వదిలి పెడితే చాలు. బలహీనత ఒక్కటే, కరెంటు. 2011 డిసెంబరు 30న తానే తుఫాను పుదుచ్చేరి, కడలూరు మధ్య తీరం దాటాక చాలా పేటలు రోజుల తరబడి చీకట్లో గడిపాయి. 2024 నవంబరు 30న ఫెంజల్ వచ్చినప్పుడు పుదుచ్చేరిలో ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు మించి వాన పడింది. తలుపు తెరవకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలిని పట్టి ఉంచుతుంది. కింది ఫ్రిజ్ భాగం మాత్రం నాలుగు గంటలే. కాబట్టి ఈ తీరంలో వానాకాలానికి ముందు ఫ్రీజర్ నిల్వలు ఖాళీ చేసే లెక్కన వండుకోవాలి.

'బజారు సాస్‌లో మందు వేస్తారు, మనమూ కాస్త వేస్తే సరి' అనే వాదనలో సగమే సత్యం. మందు అంటే సోడియం బెంజోయేట్. 1955 నాటి పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు టమాటా సాస్‌లో దీనికి పెట్టిన హద్దు కిలోకు 750 మిల్లీగ్రాములు. వంటింటి చెంచాతో కొలవగలిగింది కాదు. పైగా అది పనిచేసేది పులుపు ఉన్న చోటే. కెచప్ చరిత్ర దీన్ని ఎప్పుడో రుజువు చేసింది. అమెరికాలో ఆహార స్వచ్ఛత చట్టం వచ్చిన 1906 ప్రాంతంలో హైంజ్ సంస్థ బాగా పండిన టమాటాలు, ఎక్కువ వెనిగర్, ఎక్కువ చక్కెరతో బెంజోయేట్ లేకుండానే కెచప్‌ను నిలబెట్టింది. మన ప్రమాణాల్లోనూ కెచప్‌కు కనీసం 25 శాతం కరిగిన ఘనపదార్థం, ఒక శాతం ఆమ్లం ఉండాలి. టమాటాలో సహజంగా ఉండే ఘనపదార్థం నాలుగైదు శాతమే. తక్కినదాంట్లో పెద్ద వంతు చక్కెరది. అందుకే అది ఇంటి సాస్ కన్నా మొండిగా నిలుస్తుంది, అందుకే దాన్ని ఇంటి సాస్‌లా గరిటెలతో వడ్డించలేం.

మిరపకాయల సాస్‌కు పులియబెట్టడం మంచి మార్గం. పండుమిరపను తగినంత ఉప్పుతో నూరి ఉంచితే ఈ తీరపు వేడికి కొద్ది రోజుల్లోనే లాక్టిక్ ఆమ్లం ఊరి, పులుపును తానే పుట్టించుకుంటుంది. టమాటా గుజ్జుకు ఇది అంతగా నప్పదు. చక్కెర, నీరు ఎక్కువ కనుక ఈస్టు చేరి సాస్ కల్లు వాసన పట్టే ప్రమాదం ఉంది.

ఏది ఎవరికి

పద్ధతులన్నీ పక్కపక్కన పెడితే తేలేది ఇది. వేడి, చలి, నూనె, ఉప్పు, మందు, పులుపు ఒక్కోటి ఒక్కో పని చేస్తాయి. వీటిలో కరెంటు పోయినా, మూత వదులైనా సాస్‌లోనే ఉండిపోయి పనిచేసేది పులుపు. ఏడాది నిల్వ కావాలనుకున్నవారికి, ఉప్పూ కారం అడ్డు కానివారికి ఎండ పచ్చడిని మించింది లేదు. మక్రోనీ మీద, పిల్లల చపాతీలోకి, రక్తపోటు ఉన్న పెద్దల పళ్లెంలోకి మెత్తటి సాస్ కావాలంటే ఒట్టి టమాటాతో, కొలిచిన నిమ్మ ఉప్పుతో, అరలీటరు సీసాలు 35 నిమిషాలు. ఉల్లి, క్యారెట్, మూలికలు సీసా తెరిచిన రోజున పోపులో వేసుకుంటే రుచీ తాజాగా ఉంటుంది, సీసాలోని పులుపు లెక్కా చెడదు. ముందే అన్నీ కలిపి వండుకోవాలనుకుంటే ఫ్రీజర్ తప్ప దారి లేదు.

ఒక లోటు మిగిలే ఉంది. నిమ్మరసానికీ, నిమ్మ ఉప్పుకూ ఉన్న సీసా కొలత ఆ అమెరికా పట్టికల్లో చింతపండుకు లేదు. మన వంటింట్లో పులుపంటే ముందు చెయ్యి వెళ్లేది చింతపండు మీదికే. కొత్త చింతపండు, పాత చింతపండు పులుపులో ఒకటి కావు. ఏ గుజ్జు ఎంత వేస్తే టమాటా ఎంత కిందికి దిగుతుందో కొలిచి, చెంచాల్లో చెప్పే పట్టిక ఇంటింటికీ అందాలి. దీనికి భారీ ప్రయోగశాల అక్కర్లేదు. ఒక పీహెచ్ మీటరు, ఒక సీజను టమాటాలు, ఓపిక చాలు. మైసూరులో 1950 నుంచి పనిచేస్తున్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు గానీ, గృహ విజ్ఞాన కళాశాలలకు గానీ, పట్నం అంచున కురుంబపేటలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రం లాంటి వాటికి గానీ ఇది తలకు మించిన పని కాదు. ఆ పట్టిక చేతికొచ్చే దాకా చింతపండు సాస్‌ను ఫ్రిజ్‌కూ, గది వేడిలో ఉంచే సీసాను నిమ్మ ఉప్పుకూ వదిలేయడం మేలు.